ఫార్మ్‌డీ కోసం 14 లక్షలు పెట్టాలా, నర్సింగ్‌లో చేరాలా?

ప్రశ్న: మేడమ్, మాది మిర్యాలగూడ దగ్గర ఊరు. ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసైన, నీట్ రెండుసార్లు రాసిన, సీటు రాలే. ఒక కన్సల్టెన్సీ సార్ హైదరాబాద్ దగ్గర కాలేజీల ఫార్మ్‌డీ, అంటే డాక్టర్ ఆఫ్ ఫార్మసీ, మేనేజ్‌మెంట్ సీటు ఇప్పిస్త అంటున్నడు. ఫీజు ఏడాదికి లక్షా 80 వేలు, ఐదేండ్లు. హాస్టల్ ఏడాదికి 90 వేలు, ఆఖరి ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఆరేండ్లు. పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చంట. నాన్న ఒప్పుకున్నడు. బ్యాంకుల ఏడున్నర లక్షల దాక ఆస్తి పెట్టకుండ ఇస్తమన్నరు, ఆపైన కావాలంటే ఆస్తి చూపియ్యాలె, పొలం కాయితాలు పనికిరావన్నరు. మిగతాదానికి ఊర్లనే రెండు రూపాయల వడ్డీకి 5 లక్షలు తెస్త అంటున్నడు నాన్న. ఇంకోపక్క కౌన్సెలింగ్‌ల బీఎస్సీ నర్సింగ్ కన్వీనర్ సీటు వచ్చేటట్టుంది, అన్నీ కలిపి ఏడాదికి లక్షా 10 వేలు అయితదంట, కానీ ఇంట్ల ఎవ్వరికీ ఇష్టం లేదు. మాకు మూడెకరాలు, తమ్ముడు తొమ్మిదో తరగతి. ఏం చెయ్యమంటరు?

సమాధానం:

నీ ఉత్తరం రెండుసార్లు చదివా బిడ్డా. రెండోసారి చదువుతుంటే ఒక దగ్గర ఆగిపోయా, పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చంట అని రాశావు చూడు, అక్కడ. రెండేళ్ళు నీట్‌కి కూర్చుని సీటు రాని పిల్లకి ఆ మాట ఎంత తీపిగా వినపడతదో నాకు తెలుసు. ఆ మాట మీద నీకు కోరిక ఉండటంలో తప్పేం లేదు, కానీ ఆ మాట ఖరీదు ఎంతో మీ ఇంట్లో ఎవరూ కాయితం మీద పెట్టి చూడలేదు, నీ ఉత్తరంలో ఫీజుల లెక్క ఉంది గానీ చదువయ్యాక నీ చేతికి నెలకి ఎంత వస్తది, అందులోంచి నెలకి ఎంత కట్టాలి అన్న లెక్క ఎక్కడా లేదు.

నేను ముప్పై ఏళ్ళ దాకా బ్యాంకులో చేశా, అందులో ఎక్కువ ఏళ్ళు లోన్ల సీట్లోనే కూర్చున్నా. ఎడ్యుకేషన్ లోన్ సంతకాలు పెట్టేటప్పుడు తండ్రుల మొహాల్లో ఉండే వెలుగు చూశా, ఆరేడేళ్ళ తర్వాత అదే తండ్రి కిస్తీ కట్టలేక కౌంటర్ దగ్గర తల దించుకుని నిలబడితే అదీ చూశా. అందుకే మొహమాటం లేకుండా ముందే చెప్తున్నా, ఈ లెక్కల మీద ఆ మేనేజ్‌మెంట్ సీటు వద్దు. నర్సింగ్ సీటు వస్తే చేరు. ఎందుకో కింద రాస్తున్నా, ఓపిగ్గా చదువు, నాన్నకి కూడా చదివి వినిపించు.

ముందు ఫార్మ్‌డీ లెక్క. ఫీజు 9 లక్షలు, హాస్టల్ 5 లక్షల 40 వేలు, మొత్తం 14 లక్షల 40 వేలు. ఇందులో బ్యాంకు ఏడున్నర లక్షలు ఇచ్చిందనుకుందాం, నాన్న బయట 5 లక్షలు తెచ్చాడు, మిగిలిన లక్షా 90 వేలు పంట మీద ఎట్లాగో సర్దాడు అనుకుందాం. బ్యాంకు డబ్బు ఒకేసారి ఇవ్వదు, ఏడాదికింత అని కాలేజీకి పంపుతది, మనం ఏడాదికి లక్షా 25 వేలు అని పెట్టుకుందాం. వడ్డీ 10 శాతం అనుకో, బ్యాంకుని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటది. చదువుతున్నన్నాళ్ళూ, ఆ తర్వాత ఇంకో ఏడాదీ కిస్తీ కట్టక్కర్లేదు అంటారు కదా, ఆ మాట విని చాలామంది వడ్డీ కూడా పడదనుకుంటారు, అది పొరపాటు, మొదటి ఏడాది ఇచ్చిన లక్షా 25 వేల మీద ఏడేళ్ళ వడ్డీ పడతది, రెండో ఏడాది దాని మీద ఆరేళ్ళది, అట్లా కూడితే అసలు మీద చక్రవడ్డీ లేకుండా మామూలు వడ్డీయే 3 లక్షల 37 వేలు దాటుద్ది. అంటే నువ్వు మొదటి కిస్తీ కట్టే రోజుకి ఏడున్నర లక్షల అప్పు 10 లక్షల 87 వేలు అయి కూర్చుంటది. పదేళ్ళకి పెట్టుకుంటే నెలకి 14,400 దగ్గర ఈఎంఐ.

ఇది బ్యాంకుది మాత్రమే. ఊర్లో రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకి రెండు రూపాయలు, ఏడాదికి 24 శాతం. 5 లక్షల మీద నెలకి 10 వేలు, అది వడ్డీయే, అసలు అట్లాగే ఉంటది. మొత్తం మొదటి ఏడాదే తేరులే, అవసరాన్ని బట్టి తెస్తారు, అయినా నీ చదువు పూర్తయ్యే నాటికి 5 లక్షలూ తెచ్చి ఉంటారు కదా, అప్పటికి నెలకి 10 వేల వడ్డీ నడుస్తుంటది, ఏ ఏడాదైనా కట్టకపోతే ఆ వడ్డీని అసల్లో కలిపి కొత్త నోటు రాయించుకుంటారు. అంటే ఉద్యోగంలో చేరిన కొత్తలో నీ ఇంటి మీద నెలకి బ్యాంకుకి 14,400, ఊర్లో 10,000, మొత్తం 24,400 రూపాయలు.

ఇప్పుడు ఆదాయం వైపు చూద్దాం. ఫార్మ్‌డీ చేసిన పిల్లలు కార్పొరేట్ హాస్పిటల్లో క్లినికల్ ఫార్మసిస్ట్‌గా చేరితే మొదట్లో చేతికి 15 నుంచి 22 వేల మధ్య వస్తున్నాయి, నేను ఖాతాల్లో పడే జీతాలు చూసి చెప్తున్నా, కాలేజీ బ్రోచర్ చూసి కాదు. ఫార్మకోవిజిలెన్స్‌లో సీటు దొరికితే ఇంకొంచెం బాగుంటది, అది మందుల సైడ్ ఎఫెక్టుల రిపోర్టులు చూసే పని, హైదరాబాద్‌లో ఆ కంపెనీలు ఉన్నాయి, కానీ అక్కడ పోటీ చాలా ఉంది. చాలామంది చివరికి మెడికల్ కోడింగ్‌లోకి, అంటే పేషెంట్ల రికార్డుల్ని ఇన్సూరెన్స్ బిల్లుల కోసం కోడ్‌లుగా మార్చే పనిలోకి పోతున్నారు. కోడింగ్ చెడ్డ పనేం కాదు, బాగా నేర్చుకున్నవాళ్ళు పైకి వచ్చారు, కాకపోతే ఆ హాల్లో నీ పక్క కుర్చీలో మామూలు బీఎస్సీ మూడేళ్ళు చదివిన పిల్ల కూర్చుని ఉంటది, ఇద్దరికీ మొదటి జీతం దాదాపు ఒకటే ఉంటది. ఆ పిల్లకంటే నువ్వు మూడేళ్ళు ఎక్కువ చదివి 14 లక్షలు పెట్టి అక్కడికి చేరితే ఆ తేడాని ఎవరిస్తారు చెప్పు.

18 వేలు వచ్చాయనుకో. హైదరాబాద్‌లో లేడీస్ హాస్టల్‌కి తిండితో కలిపి ఆరేడు వేలు పోద్ది, బస్సు, ఫోను, బట్టలు, ఒంట్లో బాగోకపోతే మందులు, ఎంత పొదుపుగా ఉన్నా ఇంకో మూడు వేలు. మిగిలేది ఎనిమిది తొమ్మిది వేలు. కట్టాల్సింది 24,400. మిగతా పదిహేను వేలూ నాన్న మూడెకరాల మీద నుంచి రావాలి, అదే ఏడాది తమ్ముడి ఇంజినీరింగో ఇంకోటో నడుస్తుంటది. ఎకరం అమ్మడం అక్కడ మొదలవుద్ది బిడ్డా. నాన్న ఇప్పుడు పొలం అమ్మకుండా అప్పు తెస్తానంటున్నాడు, కానీ రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు చివరికి తీరేది పొలంతోనే, నేను చూసిన ఇళ్ళల్లో ఎక్కువ అట్లాగే తీరింది.

మా బ్రాంచ్‌లో ఒక అమ్మాయి ఫైలు నాకు ఇప్పటికీ గుర్తుంది, తెలివైన పిల్ల, ఆరేళ్ళూ ఒక్క సబ్జెక్టు తప్పలేదు, ఇదే కోర్సు. మొదటి ఉద్యోగం 16 వేలు. ఆ పిల్ల రెండు కిస్తీలు కట్టింది, మూడోది కట్టలేకపోయింది, తొంభై రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏలో, అంటే మొండి బాకీల్లో పడతది. ఎడ్యుకేషన్ లోన్‌లో తండ్రి కూడా బాకీదారే కదా, అప్పుల రికార్డు ఉండే సిబిల్‌లో ఆయన పేరు కూడా దెబ్బతింది, ఆ ఏడాది క్రాప్ లోన్ రెన్యువల్‌కి వచ్చినప్పుడు ఇబ్బంది పెట్టాల్సి వచ్చింది, రూల్ ప్రకారం నేనే చెప్పాల్సి వచ్చింది ఆయనకి. నా చదువు మా నాన్న వ్యవసాయం ఆపింది మేడమ్ అని ఆ పిల్ల అన్న మాట నాకు చాలా రోజులు నిద్ర పట్టనివ్వలేదు. ఆమె చదువు తప్పు కాదు, ఆమె తప్పు అంతకన్నా కాదు, చేరే ముందు ఎవరూ కూర్చోబెట్టి ఈ లెక్క చెప్పలేదు, అప్పు ఇచ్చిన మేము కూడా చెప్పలేదు. అందుకే నీకు ఇంత వివరంగా రాస్తున్నా.

ఇక డాక్టర్ అన్న మాట. ఫార్మ్‌డీ మన దేశంలో 2008లో మొదలైంది, పేరు ముందు ఆ మాట పెట్టుకోవచ్చని ఫార్మసీ కౌన్సిల్ చెప్పింది, ఆ సార్ అబద్ధం చెప్పలేదు. కానీ ఆ మాటతో నువ్వు మందు రాయలేవు, క్లినిక్ పెట్టుకుని పేషెంట్‌ని చూడలేవు. వార్డులో డాక్టర్ రాసిన మందులు సరిగ్గా ఉన్నాయా, ఒకదానికొకటి పడతాయా, డోసు ఎక్కువైందా అని చూసే పని అది, చాలా విలువైన పని, అమెరికాలో అయితే దానికి పెద్ద గౌరవం, పెద్ద జీతం. మన దగ్గర చాలా హాస్పిటళ్ళు ఆ పోస్టే పెట్టట్లేదు, పెట్టినవాళ్ళు కూడా అక్రెడిటేషన్ కోసం, అంటే హాస్పిటల్ నాణ్యత గుర్తింపు కోసం, ఒకరిద్దర్ని పెట్టుకుని సరిపెడుతున్నారు. కోర్సు గొప్పదే, దానికి తగ్గ పోస్టులు ఇక్కడ ఇంకా రాలేదు, అప్పు మాత్రం నువ్వు ఇక్కడి రూపాయల్లోనే తీర్చాలి.

నర్సింగ్ లెక్క చూడు. ఏడాదికి లక్షా 10 వేలు అన్నావు, నాలుగేళ్ళకి 4 లక్షల 40 వేలు. నాన్న ఏడాదికి 10 వేలు పెట్టుకుంటే లోను ఏడాదికి లక్ష, మొత్తం 4 లక్షలు. ఈ 4 లక్షలు అనే అంకె గుర్తుపెట్టుకో, 4 లక్షల దాకా ఎడ్యుకేషన్ లోన్‌కి బ్యాంకు ఏ ఆస్తీ అడగకూడదు, ఖర్చులో కొంత మన వాటాగా పెట్టమని కూడా అనకూడదు. అసలేమీ కట్టకుండా వదిలేస్తే చదువయ్యి ఇంకో ఏడాది గడిచేసరికి వడ్డీ లక్షా 40 వేలు చేరి 5 లక్షల 40 వేలవుద్ది, పదేళ్ళకి నెలకి 7,100 చిల్లర. అదే చదువుతున్నప్పుడు నెలనెలా వడ్డీ వరకు కట్టుకుంటూ పోతే, మొదటి ఏడాది నెలకి 833 రూపాయలు, నాలుగో ఏడాది 3,333, అప్పు 4 లక్షల దగ్గరే ఆగుద్ది, అప్పుడు పదేళ్ళ ఈఎంఐ 5,300 లోపే, ఏడేళ్ళలో తీర్చేద్దామంటే 6,640.

నర్సు మొదటి జీతం మాత్రం ఎంత అంటావు కదా. ఎక్కువేం కాదు, ప్రైవేట్ హాస్పిటల్లో కొత్తగా చేరితే 14 నుంచి 20 వేలు, ఫార్మ్‌డీకి వచ్చిందే అటూ ఇటూగా ఇక్కడా వస్తది. ఇది అన్యాయమే, ఇందులో నేను ఏమీ దాచను. 2016లో సుప్రీంకోర్టు ఆదేశం మీద కేంద్రం వేసిన కమిటీ యాభై పడకల్లోపు చిన్న హాస్పిటల్లో కూడా నర్సుకి 20 వేలకి తగ్గకూడదని, 200 పడకలు దాటితే గవర్నమెంట్ నర్సుతో సమానంగా ఇవ్వాలని సిఫార్సు చేసింది. అది చాలా చోట్ల కాయితం మీదే ఉంది. రాత్రి డ్యూటీలు, ఒక్క నర్సు మీద పదిహేను మంది పేషెంట్లు, ఇవన్నీ నిజాలే, ఇంట్లోవాళ్ళ భయంలో ఈ భాగం వరకు అర్థం ఉంది.

మరి జీతం ఒకటే అయినప్పుడు నర్సింగ్ ఎందుకు చెప్తున్నానంటే, ఒకటి అప్పు మూడో వంతు కూడా లేదు, రెండేళ్ళు ముందే సంపాదనలో పడతావు. అంతకంటే ముఖ్యమైంది, నర్సింగ్‌కి మొదటి మెట్టు తర్వాత మెట్లు ఉన్నాయి, అవి కంటికి కనపడతాయి. ఎయిమ్స్ వాళ్ళు నార్సెట్ అని ఒక పరీక్ష పెడతారు, దేశంలో ఎయిమ్స్‌లన్నిటికీ కలిపి, మనకి దగ్గర్లో బీబీనగర్, మంగళగిరి ఉన్నాయి కదా అవి కూడా అందులోనే. ఆ ఉద్యోగానికి బేసిక్ జీతమే 44,900, దాని మీద డీఏ, మిగతా అలవెన్సులు. బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్ళకి అనుభవం అడగరు, పాసై రిజిస్ట్రేషన్ అవగానే రాయొచ్చు, నర్సింగ్ డిప్లొమా జీఎన్ఎం చేసినవాళ్ళకైతే రెండేళ్ళ అనుభవం కావాలి, అందుకే మూడేళ్ళలో అయిపోద్ది జీఎన్ఎం చెయ్యి అని ఎవరైనా అంటే వినకు. రైల్వేలో కూడా అదే స్కేలు. మన రాష్ట్రంలో మెడికల్ హెల్త్ రిక్రూట్‌మెంట్ బోర్డు 2024లో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చింది, బేసిక్ 36,750 నుంచి మొదలు, పరీక్షకి 80 మార్కులు, గవర్నమెంట్ హాస్పిటల్లో కాంట్రాక్టు మీద చేసిన అనుభవానికి 20. పోటీ గట్టిగానే ఉంటది, అందరికీ రాదు, కానీ రెండేళ్ళు నీట్‌కి చదివిన నీకు కూర్చుని చదివే అలవాటు ఉంది కదా, ఆ రెండేళ్ళు వృథా పోయాయనుకోకు, ఈ పరీక్షలకి అదే పనికొస్తది. ఫార్మ్‌డీకి ఇట్లా ఏటా వేలల్లో పడే పోస్టులు ఏవి చూపించమను ఆ కన్సల్టెన్సీ ఆయన్ని. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఉంది అంటాడు, ఉంది, ఎప్పుడో ఒకసారి పదుల్లో పడతాయి, దానికి బీఫార్మసీ చేసినవాళ్ళు కూడా అర్హులే.

బయట దేశాల సంగతి కూడా రాస్తా, ఎందుకంటే నర్సింగ్ అనగానే ఎవరో ఒకరు జర్మనీ అంటారు. అవకాశం నిజమే, జర్మన్ భాష బీ2 లెవెల్ దాకా నేర్చుకోవాలి, ఇంగ్లండ్‌కైతే ఐఈఎల్‌టీఎస్ గానీ ఓఈటీ గానీ ఇంగ్లీషు పరీక్ష రాయాలి, గల్ఫ్‌కి ఎక్కువగా రెండేళ్ళ అనుభవం అడుగుతారు. దీనికోసం మళ్ళీ ఐదు లక్షలు అప్పు చెయ్యమనే ఏజెంట్ వస్తాడు, చెయ్యకు. మన రాష్ట్రానికి టామ్‌కామ్ అని గవర్నమెంట్ సంస్థ ఉంది, జర్మనీకి, జపాన్‌కి నర్సుల్ని పంపుతోంది, భాష కూడా నేర్పిస్తుంది. ఆంధ్రాలో ఓంక్యాప్ ఉంది. రిజిస్టరైన ప్రైవేట్ ఏజెంట్ అయినా సరే రూల్ ప్రకారం 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. కానీ ఇవన్నీ నాలుగేళ్ళ తర్వాతి మాటలు. జర్మనీ జీతం చూసి ఇప్పుడు అప్పు పెంచుకోవద్దు, ఇక్కడి 16 వేలతో తీర్చగలిగినంత అప్పే చెయ్యి, బయటికి వెళ్తే ఆ వచ్చేది అదనం అనుకో.

నేను లోన్లు చూసేటప్పుడు మనసులో ఒక కొలత పెట్టుకునేదాన్ని, ఏ సర్క్యులర్‌లోనూ ఉండదు, నా అనుభవం అంతే. మొత్తం అప్పు మొదటి ఏడాది చేతికొచ్చే జీతానికి రెండింతలు దాటకూడదు, కిస్తీ నెల జీతంలో మూడో వంతు దాటకూడదు. 18 వేల జీతం అంటే ఏడాదికి 2 లక్షల 16 వేలు, రెండింతలు 4 లక్షల 32 వేలు. నీ నర్సింగ్ లోను దీనికి లోపల పడతది. ఫార్మ్‌డీది దీనికి దాదాపు మూడు రెట్లు. జీతం ఎంతో కాలేజీ వాళ్ళని అడగకు, వాళ్ళు బాగా సెటిలైన ఇద్దరి ఫోటోలు చూపిస్తారు. పోయినేడు, అటుపోయినేడు అదే కాలేజీలో అదే కోర్సు పాసైన పిల్లల్ని ఐదారుగుర్ని పట్టుకో, పీఎఫ్ కట్ అయ్యాక చేతికి ఎంతొస్తుంది అక్కా అని అడుగు, ఎన్ని నెలలు ఖాళీగా ఉన్నారో అడుగు. పిల్లలు నిజమే చెప్తారు.

ఇంట్లోవాళ్ళకి ఇష్టం లేదన్నావు. ఎందుకో నువ్వు రాయలేదు గానీ నేను ఊహించగలను, రాత్రి డ్యూటీలు, మగ పేషెంట్లని ముట్టుకోవాలి, సంబంధాలు రావు, ఇవే కదా. బిడ్డా, మా అమ్మ ఆఖరి పదకొండు రోజులు ఐసీయూలో ఉన్నప్పుడు డాక్టర్ గారు రోజుకి రెండుసార్లు వచ్చి ఐదేసి నిమిషాలు ఉండేవారు, మిగతా సమయమంతా ఆమెని తిప్పి పడుకోబెట్టింది, నోరు తుడిచింది, ఊపిరి తేడా వస్తే రాత్రి మూడింటికి పరిగెత్తింది నీ వయసుకి నాలుగైదేళ్ళు పెద్దదైన ఒక పిల్ల. ఆ పిల్లని తక్కువ చేసి మాట్లాడితే నేను ఊరుకోను. సంబంధాల మాటకొస్తే, నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగం వచ్చిన అమ్మాయికి సంబంధాలు రాకపోవడం నేనెక్కడా చూడలేదు, 15 లక్షల అప్పున్న ఇంటి నుంచి అమ్మాయిని చేసుకోవడానికి వెనకాడినవాళ్ళని మాత్రం చూశా. ఇది నాన్నకి మెల్లగా చెప్పు. అయితే నీకు నీకుగా రక్తం చూస్తే పడకపోయినా, మనుషుల్ని ముట్టుకుని సేవ చెయ్యడం నచ్చకపోయినా అది వేరే సంగతి, అప్పుడు నర్సింగ్ వద్దు, బీఫార్మసీ కన్వీనర్ సీటు చూసుకో, నాలుగేళ్ళు, తర్వాత నిజంగా క్లినికల్ వైపు ఇష్టం ఉంటే బీఫార్మసీ మీద మూడేళ్ళ ఫార్మ్‌డీ కూడా ఉంది. ఫార్మ్‌డీయే కన్వీనర్ కోటాలో, పెద్ద హాస్పిటల్ ఉన్న కాలేజీలో వస్తే కూడా నేను వద్దనేదాన్ని కాదు. నా అభ్యంతరం కోర్సు మీద కాదు, ఆ ధర మీద, ఆ రెండు రూపాయల వడ్డీ మీద.

నర్సింగ్ కాలేజీ ఎంచుకునేటప్పుడు గవర్నమెంట్ కాలేజీలో సీటొస్తే దూరమైనా అదే తీసుకో, మెడికల్ కాలేజీల పక్కనే కొత్తవి చాలా వచ్చాయి. ప్రైవేట్ అయితే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఈ ఏడాదికి ఉందో లేదో చూడు, సొంత హాస్పిటల్ ఉందా, అందులో నిజంగా పేషెంట్లు ఉన్నారా అని నాన్నతో వెళ్ళి ఓపీ టైంలో ఒక గంట కూర్చుని చూడు. వంద పడకలు ఉండాలి అని నిబంధన, పడకలు వేసి పేషెంట్లు లేని చోట నాలుగేళ్ళు చదివితే ఒక ఇంజెక్షన్ ధైర్యంగా చెయ్యడం రాదు. బెంగళూరులో తక్కువకి వస్తది అని ఏజెంట్ చెప్పినా ఈ గుర్తింపు సంగతి తేల్చుకోకుండా పోవద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకుంటారా, మధ్యలో మానేస్తే మొత్తం ఫీజు కట్టమంటారా, చదువయ్యాక వాళ్ళ హాస్పిటల్లో ఇన్నేళ్ళు చెయ్యాలని బాండ్ ఉందా, ఈ మూడూ చేరే ముందే అడుగు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కి అప్లై చెయ్యి, తప్పకుండా చెయ్యి, కానీ ఆ డబ్బు ఎప్పుడు వస్తదో నమ్మకం పెట్టుకోకు, బకాయిలు ఏళ్ళ తరబడి ఆగిపోయి ఫీజు మీరే కట్టండి లేకపోతే సర్టిఫికెట్ ఇవ్వం అని పిల్లల్ని నిలబెట్టిన కాలేజీలు ఉన్నాయి. వస్తే దాన్ని తీసుకెళ్ళి లోనులో కట్టెయ్యి.

బ్యాంకు దగ్గర ఒక్క విషయం చాలామంది పోగొట్టుకుంటున్నారు, అది జాగ్రత్తగా విను. ఇంటి ఆదాయం అన్నీ కలిపి ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉంటే కేంద్ర ప్రభుత్వం వడ్డీ సబ్సిడీ ఇస్తది, బ్యాంకులో దాన్ని సీఎస్ఐఎస్ అంటారు, నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న నర్సింగ్ కోర్సు దాని కిందకి వస్తది. చదువుకునే కాలం, ఆ తర్వాత ఒక ఏడాది, ఆ మొత్తం వడ్డీ గవర్నమెంటే కడతది. నీ విషయంలో పైన చెప్పిన లక్షా 40 వేలు అదే. కానీ అది దానంతట అది రాదు, తహసీల్దార్ ఆఫీసు నుంచి ఇన్‌కమ్ సర్టిఫికెట్ తెచ్చి బ్రాంచ్‌లో ఇవ్వాలి, వాళ్ళు క్లెయిమ్ పెట్టాలి, పని ఒత్తిడిలో మా వాళ్ళు మర్చిపోతుంటారు, నాకు తెలుసు కాబట్టి చెప్తున్నా. ఇచ్చినట్టు ఎక్‌నాలెడ్జ్‌మెంట్ తీసుకో, ఏడాదికోసారి వెళ్ళి క్లెయిమ్ పెట్టారా అని అడుగు. ఇది జీవితంలో ఒక్క కోర్సుకే, చదువు మధ్యలో మానేస్తే పోద్ది, అందుకే నచ్చని కోర్సులో చేరి మానెయ్యడం లాంటివి చెయ్యొద్దు. ఆడపిల్లలకి కొన్ని బ్యాంకులు వడ్డీలో అర శాతం తగ్గిస్తాయి, అది కూడా అడుగు. అప్లికేషన్ ఎడ్యుకేషన్ లోన్ల కోసం కేంద్రం పెట్టిన విద్యాలక్ష్మి పోర్టల్లో పెడితే రికార్డు ఉంటది, ఇవ్వం అంటే ఎందుకివ్వమో రాసివ్వాల్సి వస్తది.

ఎప్పుడైనా ఏ ఏడాదైనా ఒక ముప్పై నలభై వేలు తక్కువ పడితే రెండు రూపాయల వడ్డీ గడప తొక్కకండి. అమ్మ దగ్గర ఉన్న కాస్త బంగారం బ్యాంకులో పెడితే ఏడాదికి పదీ పన్నెండు శాతం లోపల అయిపోద్ది, ఊర్లో కట్టేదాంట్లో సగం.

ఇంకో మాట, కన్సల్టెన్సీ ఆయన సీటు బ్లాక్ చెయ్యడానికి పాతిక వేలో యాభై వేలో అడ్వాన్స్ అడిగి ఉంటాడు, అడగకపోతే రేపు అడుగుతాడు, రేపటికల్లా సీటు అయిపోద్ది అంటాడు. కాళోజీ యూనివర్సిటీ నర్సింగ్ కౌన్సెలింగ్ అయ్యేదాకా ఒక్క రూపాయి ఇవ్వొద్దు, ఒరిజినల్స్ అసలు చేతికివ్వొద్దు.

నాన్నకి ఈ లెక్క ఒక తెల్ల కాయితం మీద రెండు వరసలుగా రాసి చూపించు, ఒకపక్క 24,400, ఇంకోపక్క 5,300, కింద రెండిటికీ 18 వేల జీతం. ఆయన నీ మీద ప్రేమతోనే ఆ అప్పుకి సిద్ధపడ్డాడు, కాబట్టి నువ్వు చేసేది తప్పు అన్నట్టు మాట్లాడకు, నాన్నా ఆ 5 లక్షలు తేకుండానే నేను ఉద్యోగం తెచ్చుకుంటా అని చెప్పు. ఇన్‌కమ్ సర్టిఫికెట్ కి మీసేవలో ఈ వారమే పెట్టు, కౌన్సెలింగ్ టైంలో తహసీల్దార్ ఆఫీసులో రద్దీ ఉంటది. సీటు అలాట్‌మెంట్ వచ్చాక ఏ కాలేజీయో, ఫీజు కాయితంలో ఏమేం రాశారో నాకు పంపు, బ్యాంకుకి వెళ్ళే ముందు ఇద్దరం కలిసి ఒకసారి చూద్దాం.